నాలుగో గిన్నె

హేమంత్‌కుమార్ పలకను రెండు చేతులా పట్టుకుని మెల్లగా గుండ్రంగా తిప్పాడు. తెల్లటి ప్లాస్టిక్ పలక, దానికి నాలుగు గిన్నెలు. ఒక్కో గిన్నెలో ఒక్కొక్కరి పాలు కాసిని, వాటి మీద సీసాలోంచి వంపిన ఊదారంగు మందు. మూడు గిన్నెల్లో పాలూ మందూ కలిసి నీళ్ళలా అటూ ఇటూ ఊగాయి. నాలుగోది ఊగలేదు. ముందు గంజిలా చిక్కబడింది, తర్వాత తుమ్మజిగురులా సాగింది, చివరికి ముద్దకట్టి గిన్నె నడుమ కూర్చుంది.

పాలకేంద్రం ముందు వరసలో ఉన్న ఆడవాళ్ళు మెడలు చాచి చూశారు.

"ఎవరివండీ ఆ పాలు?" అంది వెనక నుంచి జీవరత్నం, తెలిసే.

ఆ పాలు కెజియావి. నిన్న సాయంత్రం కొల్లేటికోట నుంచి వెళ్ళిన పాలల్లో ఒక పెద్ద క్యాను వెనక్కి వచ్చింది. పదిమంది ఆడవాళ్ళు వంగి, పితికి, మోసుకొచ్చి పోసిన పాలు పొద్దున్నే కాలవపాలయ్యాయి. అందుకే ఇవాళ హేమంత్‌కుమార్ ఈ పలక బయటికి తీశాడు. కేంద్రం సెక్రటరీ అన్న మాటేగానీ అతను ముప్పై నిండని కుర్రాడు. పెద్దవాళ్ళను పట్టుకుని మీ పాలు చెడ్డవని చెప్పాలంటే నోరు రాదు.

"కెజియా గారూ, పొదుగువాపు పాలండి ఇవి. డాక్టరు గారి సంతకంతో చీటీ తెచ్చేదాకా నేను పట్టలేనండి. ఏమనుకోకండి."

"పొదుగువాపేంటండీ! మా తమ్ముడు స్వయంగా చూసేడండి. ఇదే పలక, ఇదే మందు. నాలుగు గిన్నెల్లోనూ నీళ్ళల్లే ఉంది. కొని పదిరోజులు కాలేదండి."

తమ్ముడు అన్నప్పుడు ఆమె గొంతు కొంచెం పైకి లేచింది. ఎప్పుడూ అంతే లేస్తుంది. జేమ్స్ పశువుల కోర్సు చదివి, మోటారుసైకిలు మీద పెట్టె కట్టుకుని ముదినేపల్లి చుట్టూ ఊళ్ళు తిరుగుతాడు. ఆసుపత్రిలో అసిస్టెంటే అయినా ఊళ్ళలో అందరూ డాక్టరుగారనే అంటారు. ఆ పిలుపు విన్నప్పుడల్లా కెజియాకు కడుపు నిండుతుంది.

"చూసే ఉంటారండి," అన్నాడు హేమంత్‌కుమార్ తలవంచుకుని. "ఇప్పుడు మాత్రం ఇలా ఉందండి మరి."

జీవరత్నం తన క్యానును కాలితో కొంచెం అవతలికి జరిపి, మూత మీద కొంగు కప్పింది. పన్నెండేళ్ళ నుంచి ఇద్దరూ పక్కపక్కన నిలబడి పాలు పోస్తున్నవాళ్ళే. కెజియా తన పాలు తను ఎత్తుకుని వెనక్కి నడిచింది. పూర్తి క్యానుతో ఇంటికి నడవడం ఎంత దూరమో ఆవేళ తెలిసింది ఆమెకు.

ఇంటి దగ్గర గౌరి తలెత్తి చూసింది. గౌరి అన్న పేరు ఆవును అమ్మిన అచ్చాయమ్మగారు పెట్టింది. క్రైస్తవుల ఇంటికి వచ్చినా ఆవు పేరు ఆవుకే ఉంచేశారు. గోధుమరంగు, నుదుట తెల్లచుక్క, నెమ్మదైన జాతి ఆవు. వెనక కుడిచన్ను పైన పొదుగు ఉబ్బి, చెయ్యి పెడితే కాలుతోంది. నొక్కితే లోపల జామకాయంత గడ్డ తగిలింది. ఆవు కాలెత్తి, మళ్ళీ తనే దించుకుంది. తన్నలేదు.

జేమ్స్‌కి ఫోను చేసింది.

"కొత్త చోటు కదక్కా, నీళ్ళు మారేయి. అలా అవుద్ది," అన్నాడు. "పసుపూ సున్నం పట్టించు. ఆదివారం వచ్చి నొప్పికి ఓ ఇంజెక్షను చేసేస్తాను. ఎవరికీ చూపించకు, వాళ్ళు వెయ్యి చెప్తారు."

"చీటీ కావాలంటన్నారురా."

"ఆ చీటీ సంగతి నేను చూసుకుంటాలే."

చూసుకుంటానన్నాడు కదా, ఊరుకోవచ్చు. కానీ ఆదివారందాకా ఆ కాలే పొదుగుతో ఆవు నిలబడాలి, వరసలో చోటు పోగొట్టుకుని తను కూర్చోవాలి. చేపల చెరువు నుంచి మేతపని ముగించుకుని వచ్చిన మొగుడు వరదానం గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటూ, "ఏలూరు వెళ్ళిరా. డాక్టరమ్మ ఉంటుందంట. చీటీ ఆవిడే ఇస్తుంది," అన్నాడు. "జేమ్స్‌ని ఇబ్బంది పెట్టడం దేనికి?"

*

మర్నాడు తెల్లవారుతూనే కెజియా నాలుగు చన్నుల పాలూ నాలుగు దగ్గుమందు సీసాల్లో పట్టింది. సీసాలు ముందురోజే వేణ్ణీళ్ళలో ఉడికించింది. ఏది ఏ చన్నుదో తెలియడానికి మెడలకు దారాలు కట్టింది. ముందు ఎడమకు ఒక ముడి, ముందు కుడికి రెండు, వెనక ఎడమకు మూడు, వెనక కుడికి నాలుగు. చేపలు ప్యాకింగు చేసే షెడ్డులో అడిగి ఐసు తెచ్చి, టిఫిను డబ్బాలో సీసాల చుట్టూ కూరింది. ఆటోలో కైకలూరు, అక్కణ్ణించి బస్సులో ఏలూరు. దారి పొడుగునా ఒళ్ళో డబ్బా నుంచి చేపలవాసన నీళ్ళు చీర మీదికి కారాయి. పక్కసీటామె ముక్కు మూసుకుని కిటికీ వైపు జరిగింది.

డాక్టరు సరోజగారికి యాభై ఏళ్ళుంటాయి. కళ్ళజోడు తాడు మెడలో వేలాడుతుంటుంది. డబ్బా మూత తియ్యగానే నవ్వేసింది. "పాలు తెచ్చావా, బొచ్చెచేపలు తెచ్చావా?" అని. ముడులు చూసి మాత్రం నవ్వు ఆపింది. "ఇంత శుభ్రంగా నమూనా తెచ్చినవాళ్ళు నాకు ఈ ఏడాదిలో లేరమ్మా."

నాలుగు ముడుల సీసాలోంచి ఒక చుక్క గాజుపలక మీద రాసి, ఆరబెట్టి, నీలిరంగు మందేసి కడిగి, సూక్ష్మదర్శిని కింద పెట్టింది. "ఇలా రా, ఒక కన్ను మూసుకుని చూడు."

కెజియా చూసింది. నీలిరంగు చుక్కలు, వందలకు వందలు, ఒకదాని మీద ఒకటి ఎక్కి తొక్కుకుంటున్నాయి. మూడు ముడుల సీసా పాలు చూపిస్తే అక్కడొకటి, ఇక్కడొకటి.

"పురుగులాండీ ఇవి?"

"కాదమ్మా. ఇవి ఆవు రక్తంలో తెల్లకణాలు. పురుగు ఇంకా చిన్నది. పొదుగులోకి పురుగు చేరిందనుకో, అక్కడి కండ కబురు పెడుతుంది. రక్తంలో కొట్టుకుపోతున్న ఈ కణాలు ఆ కబురందుకుని, రక్తనాళం గోడ పట్టుకుని ఆగుతాయి. గోడ సందుల్లోంచి ఒళ్ళు సన్నం చేసుకుని దూరి, పొదుగులోకి వచ్చేస్తాయి. పురుగుల్ని మింగుతాయి, అక్కడే చచ్చిపోతాయి కూడా. పలకలో మందు తగిలి ఇవి పగిలితేనే నువ్వు చూసిన జిగురు కడుతుంది."

"అంటే వాపు రోగం కాదాండీ?"

"రోగం మీదికి వచ్చిన సాయం. ఆ వేడీ, ఆ ఉబ్బూ అంతా వచ్చినవాళ్ళ తొక్కిసలాటే."

"మా చెరువు గట్టు తెగినప్పుడల్లేనండి. ఒక్కడు కేకేస్తే చాలు, పడవలో పోయేవాడు కూడా తెడ్డు పడేసి దూకేస్తాడండి. అందరూ తొక్కి తొక్కి గట్టంతా బురద చేసేస్తారు. చూసేవాళ్ళకి వీళ్ళే పాడుచేసేరేమో అనిపిస్తుంది."

"అదే. నేను క్లాసులో చెప్పాల్సింది నువ్వే చెప్పేశావు." డాక్టరు కళ్ళజోడు పెట్టుకుని చీటీ రాయడం మొదలుపెట్టింది. "లోపల గడ్డ ఉందన్నావు. గడ్డ కట్టిందంటే ఇది నెల పైబడిన వాపు. కొని ఎన్నాళ్ళయింది?"

"పదిరోజులండి. మరి కొన్నప్పుడు మూడు పూటలూ చూసేనండి. పొదుగు దూదల్లే ఉంది."

పాడిపశువును కొనేవాళ్ళకు మూడు పూటల పాలు చూసే హక్కు ఉంటుంది ఆ ప్రాంతంలో. మొదటి రెండు పూటలూ అమ్మేవాళ్ళు పితుకుతారు, మూడో పూట కొనేవాళ్ళ చెయ్యి పడాలి. ఆ తర్వాతే పలుపు చేతులు మారుతుంది.

"కొన్ని ఇంజెక్షన్లు ఉంటాయమ్మా," అంది డాక్టరు, రాస్తూనే. "అవసరానికి మంచివే. కానీ ఇలాంటి పొదుగు ఉన్నప్పుడు చేస్తే కేక వినిపించకుండా చేసేస్తాయి. కణాలు గోడ పట్టుకోలేవు, రక్తంలోనే కొట్టుకుపోతాయి. వాపు దిగిపోతుంది, పాలు చూపుకి బాగుంటాయి. నాలుగు రోజులు పోయాక మందు బలం తగ్గి, అసలు సంగతి రెట్టింపై బయటపడుతుంది. లోపల పురుగు అప్పటిదాకా పండగ చేసుకుంటుంది కదా. ఈ ఆవుకి బేరం ముందు ఎవరో ఆ పని చేశారు."

కెజియా కుడిచేతి వేళ్ళు ఒళ్ళో కదిలాయి. మూడో పూట ఆమె గౌరి మెడ నిమురుతూ నిలబడింది. ఎడమపక్క, చెవికి జానెడు కింద, శనగగింజంత బొడిపె తగిలింది. "ఇదేంట్రా?" అనడిగితే జేమ్స్ పొదుగు దగ్గర నుంచి తలెత్తకుండానే చెప్పాడు. "జోరీగ కుట్టుంటుంది లేక్కా."

"పలకలో చూడలేదా మీరు?" అంటోంది డాక్టరు.

"చూసేరండి. నాలుగు గిన్నెలూ నీళ్ళల్లే ఉన్నాయండి."

డాక్టరు కలం ఆగింది. "అలా ఎలా ఉంటాయి? ఇంజెక్షను వాపును దాస్తుందిగానీ, ఇంత ముదిరిన చన్ను పాలు పలకలో ముద్ద కట్టక మానవు. నాలుగు చన్నుల పాలూ పట్టారా? నువ్వు దగ్గరుండి చూశావా?"

"నేను..." అంది కెజియా. "నేను ఆవు తల పట్టుకున్నానండి."

డాక్టరు మందుల చీటీ చేతిలో పెట్టి, ఆ చన్ను పాలు రెండేసి గంటలకు పూర్తిగా పిండి పారెయ్యమని, దూడకు తాగించొద్దని, మిగతా చన్నులు తాకే ముందు చేతులు కడుక్కోమని చెప్పింది. "వచ్చినవాళ్ళని పని చేసుకోనివ్వాలి, చచ్చినవాళ్ళని బయటికి పంపాలి. అంతే వైద్యం. ఆ ఒక్క చన్ను పోయినా, మూడు చన్నులు నిలుస్తాయి."

తిరుగుబస్సులో కెజియా తమ్ముడి తరఫున వాదించింది. వాదన గట్టిగానే చేసింది. ఇంజెక్షను అచ్చాయమ్మగారే ఎవరిచేతో చేయించి ఉంటారు. పిల్లవాడికి తెలిసి ఉండదు. పలకలో పాలు తక్కువ పడ్డాయేమో, మందు పాతదేమో. కొల్లేరు మీద గూడబాతులు బారు కట్టి పోతుంటే కిటికీలోంచి చూస్తూ అన్నిటికీ జవాబు చెప్పుకుంది. ఒక్కదానికే జవాబు దొరకలేదు. ఎనిమిదేళ్ళప్పటి నుంచి పాలు పితుకుతున్న అక్కను, ఎంత పొగరుబోతు గేదెనైనా మచ్చిక చేసుకునే అక్కను, వాడు తల దగ్గరికి ఎందుకు పంపాడు? "కొత్తమనిషి చెయ్యి పడితే తన్నుద్దక్కా, నువ్వు తల పట్టుకో, మూడో పూట నేను పితుకుతా," అన్నాడు. తన్నడం దానికి చేతనైతే నిన్న తన్నేది.

*

అచ్చాయమ్మగారి ఇల్లు ముదినేపల్లికి రెండు మైళ్ళు. కెజియా వెళ్ళేసరికి ఆవిడ వరండాలో కూర్చుని మినుములు చెరుగుతోంది.

"రా కెజియా, రా. గౌరి ఎలా ఉంది? బెంగపెట్టుకుందా?" అంది నిండుగా. ఆ నిండుతనం చూసి కెజియాకు ఒళ్ళు మండింది.

"వాపు ఉందని చెప్పకుండా అమ్మేరు కదండీ అచ్చాయమ్మగారూ. ఊరందరిలో తలెత్తుకోలేకపోతన్నానండి."

చేట ఆగింది. ఆవిడ మొహంలో తప్పు చేసిన జంకు కనిపిస్తుందని కెజియా ఎదురుచూసింది. అక్కడ కనిపించింది శుద్ధ ఆశ్చర్యం.

"చెప్పకుండా ఏంటమ్మా? నీకన్నీ తెలుసునన్నాడే మీ తమ్ముడు! 'మా అక్క బాగుచేసుకుంటుంది, అక్క చెయ్యి మంచిది, తెలిసే తీసుకుంటోంది' అని నా ఎదురుగా చెప్పేడు. 'ఆ మాట మీరు ఎత్తకండి, ఆవు ముందు రోగం ఊసెత్తితే కలిసిరాదని అక్క నమ్మకం' అన్నాడు. మీలో అలాంటివి ఉండవు కదా అనుకున్నాను గానీ, ఎవరి నమ్మకం వాళ్ళది అని ఊరుకున్నాను."

కెజియా వరండా మెట్టెక్కి దగ్గరికి వచ్చింది.

"ఇంజెక్షను ఎవరు చేసేరండి?"

"అతనే. నువ్వు మొదటి పూట చూడ్డానికి వచ్చే ముందురోజు. దారిలో నొప్పి పడకుండా అన్నాడు." అచ్చాయమ్మ చేట పక్కన పెట్టింది. గొంతు తగ్గించింది. "అసలు అది పాడైందే అతని చేతిలో. పక్కవీధిలో చీముపట్టిన గేదెకి ట్యూబు ఎక్కించి, ఆ గొట్టమే కడక్కుండా తెచ్చి మా గౌరికి పెట్టేడు. జీతగాడు చూసేడు. మావారు రాజుగారు వదిలిపెట్టనన్నారు. పై ఆఫీసుకి కాయితం రాస్తానన్నారు. అతను కాళ్ళమీద పడ్డాడమ్మా. 'మా అక్కకి ఇప్పించేస్తాను, మీ కొట్టంలో అది కనపడకుండా చేస్తాను, కాయితం రాయకండి' అన్నాడు. నువ్వొప్పుకున్నావంటే తమ్ముడి కోసం ఎంత చేస్తోందో అనుకున్నాం మేం. ఆ రోజు నీకు చీర పెట్టింది కూడా అందుకేనమ్మా."

నిజమే. వచ్చేటప్పుడు ఆవిడ చీర పెట్టింది. ఆవు కొన్నవాళ్ళకు చీర ఎందుకో కెజియాకు అప్పుడు అర్థం కాలేదు, గొప్పవాళ్ళ మర్యాద అనుకుంది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయన్న సామెత వాళ్ళమ్మ ఊరికే అంటుండేది. పుచ్చులని తెలిసి చేతిలో పోసినవాడు సొంత తమ్ముడైతే దానికి సామెత ఏముందో కెజియాకు తెలియదు.

"మంచినీళ్ళు తాగమ్మా," అంది అచ్చాయమ్మ. "మొహం అలా అయిపోయిందేంటి?"

కెజియా తాగింది. గ్లాసు కడిగి బోర్లించి వచ్చింది. రోడ్డు మీదికి వచ్చాక ఏడుపు వచ్చింది. చుట్టుపక్కల కోసిన చేలు, ఎవరూ లేరు, కావలసినంతసేపు ఏడ్చింది. ఏడుస్తూనే టైము చూసుకుంది. గౌరి చన్ను పిండాల్సిన వేళ దాటిపోతోంది.

*

ఆదివారం గుడిలో ప్రార్థన అయ్యాక జేమ్స్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, పెట్టె. కెజియా కొరమీను పులుసు చేసింది. చెయ్యకుండా ఉండాలని పొద్దున్న అనుకుంది, చెయ్యి ఊరుకోలేదు. వాడు పీట మీద కూర్చుని రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. వరదానం చెరువు దగ్గరే ఉన్నాడు. తినేవాణ్ణి చూస్తూ కెజియా అడగాల్సినవన్నీ నోటిదాకా తెచ్చుకుని మింగింది. అడిగితే వాడు అబద్ధమాడతాడు. ఇంకో అబద్ధం వాడి నోట వినడం ఆమెకు ఇష్టం లేదు.

"అక్కా, ఆవుని అమ్మేద్దాం," అన్నాడు వేళ్ళు నాకుతూ. "నేను మాట్లాడేసేను. తాడేపల్లిగూడెం పక్క ఊరు. వీరదుర్గ అని, ఇదే మొదటి ఆవు కొనుక్కోవడం. రేపు పొద్దున్న వస్తారు. ఇంటిదాకా వచ్చి మూడు పూటలు ఉండలేరు, ఒక్క పూటే చూసుకుంటానన్నారు. పలక నేను చూపిస్తాను."

"పశువుల సంగతి తెలుసా ఆవిడకి?"

"ఏం తెలీదు. వాళ్ళూళ్ళో కోళ్ళకి మందిచ్చేను. నన్ను బాగా నమ్ముద్ది."

కెజియా గిన్నెలో మిగిలిన పులుసు వాడి కంచంలో వంపింది.

చెయ్యి కడుక్కుని వాడు పెట్టె తెరిచాడు. చిన్నసీసా మూతలో సూది గుచ్చి మందు లాగాడు, సూది పైకెత్తి గోటితో తట్టాడు. గౌరి దగ్గరికి వెళ్ళి మెడ ఎడమపక్క, చెవికి జానెడు కింద, అదే చోట దూదితో రుద్దాడు. ఆవు బెదిరి పలుపు లాగింది. కెజియా వెళ్ళి వాడి మణికట్టు పట్టుకుంది.

"వద్దు."

"నొప్పికే అక్కా."

"దాని నొప్పి దానికి తెలియనీరా."

వాడు ఆమె ముఖంలోకి చూశాడు. ఏదో వెతికాడు, దొరకలేదు. ముసలితనం వస్తే చాదస్తం వస్తుందన్నట్టు నవ్వి సూదికి టోపీ పెట్టేశాడు. "సరే. ఇప్పుడు వాపు బానే దిగింది కదా, పసుపు పనిచేసినట్టుంది. పలక సంగతి నేను చూసుకుంటాలే."

వాపు దిగింది పసుపుకి కాదు. మూడు రోజుల నుంచి ఆమె రెండేసి గంటలకు లేచి వేణ్ణీళ్ళతో కాపడం పెట్టి, చన్నులో ఆఖరి బొట్టుదాకా పిండి, గోతిలో సున్నమేసి పూడుస్తోంది. ఆ మాట వాడికి చెప్పలేదు.

*

వీరదుర్గకు పాతికేళ్ళకు మించవు. ఆటో దిగుతూనే కెజియాకు నమస్కారం పెట్టి, ఆవును చూసి నోరు తెరిచింది. "ఎంత బాగుందండీ! నుదుట బొట్టు పెట్టినట్టే ఉందండి." సంచిలో ఆవుకని అరటిపళ్ళు కూడా తెచ్చింది. జేమ్స్ పొదుగు కడిగి, పలక తీసి, గొంతుక్కూర్చున్నాడు.

"మీరు తల పట్టుకోండి వీరదుర్గ గారూ," అన్నాడు. "కొత్తమనిషి చెయ్యి పడితే తన్నుద్ది."

ఆ పిల్ల వెంటనే "ఆయ్" అని తల వైపు నడిచింది. నడుస్తున్నప్పుడు ఆమె వీపు చూసింది కెజియా. రెండు వారాల కిందట అచ్చాయమ్మగారి కొట్టంలో తను కూడా ఇలాగే నడిచి ఉంటుంది, ఇంత హుషారుగానూ.

"అమ్మాయ్, ఇలా రా. ఇక్కడ కూర్చో," అంది కెజియా. "ఇది తన్నదు. తల నువ్వు పట్టుకో జేమ్స్."

"అక్కా, ఆవిడకి రాదు..."

"నేర్పుతాను. తల పట్టుకో."

వాడు లేవలేదు. కెజియా వాడి చేతిలోంచి పలక తీసుకుని, వాడు లేచేదాకా పక్కనే నిలబడింది. వాడు లేచాడు. వెళ్ళి పలుపు పట్టుకున్నాడు.

"బొటనవేలు లోపలికి మడవకు. చన్ను పైన వేళ్ళతో బిగించి, ఒక్కో వేలూ కిందికి ముయ్యి. లాగకూడదు," అంది కెజియా, ఆ పిల్ల చేతి మీద తన చెయ్యి వేసి. మొదటి ధార చీర మీద పడింది. రెండోది గిన్నెలో పడింది. వీరదుర్గ పసిపిల్లలా నవ్వింది. ముందు ఎడమ, ముందు కుడి, వెనక ఎడమ, ఒక్కో చన్ను పాలు ఒక్కో గిన్నెలో. వెనక కుడి చన్ను దగ్గర కెజియా చెయ్యి తీసేసింది. "ఇది నువ్వే పితుకు. నీ చెయ్యి పడాలి."

"అక్కా," అన్నాడు జేమ్స్.

నాలుగు గిన్నెల్లోనూ ఊదారంగు మందు పోసి కెజియా పలకను వీరదుర్గ చేతుల్లో పెట్టింది. "తిప్పు. మెల్లగా." మూడు గిన్నెలు నీళ్ళలా ఊగాయి. నాలుగోది గంజి కట్టింది. సాగింది. నడుమకి చేరి కూర్చుంది.

"ఇదేంటండీ?" అంది వీరదుర్గ. కెజియా ముఖమూ జేమ్స్ ముఖమూ మార్చి మార్చి చూసింది. "ఇదొక్కటే ఇలా అయిందేంటండీ?"

కెజియా లేచి నిలబడి చేతులు కొంగుకు తుడుచుకుంది. పుట్టి బుద్ధెరిగాక తమ్ముణ్ణి ఆమె ఎన్నడూ అలా పిలవలేదు.

"చెప్పండి డాక్టరుగారూ," అంది. "అడుగుతున్నారు కదండీ, చెప్పండి."

చెంప మీద కొట్టినా జేమ్స్ అంత తెల్లబోయేవాడు కాదు. చివరికి కెజియానే చెప్పింది. ఒక చన్ను చెడిందని, మూడు బాగున్నాయని, ఇంకో నెల వైద్యం చేస్తే ఏమవుతుందో చూడాలని. అమ్మేవాళ్ళే ఆవు తప్పు చూపించడం వీరదుర్గకు ఎంతకీ అర్థం కాలేదు. పలక కింద పెట్టి, అరటిపళ్ళు మాత్రం ఆవుకి పెట్టేసింది. ఆటో ఎక్కబోతూ వెనక్కి వచ్చింది. "ఏవండీ, నేను వేరే ఆవుని చూసుకుంటే మీరు ఒక్కసారి వచ్చి చూసిపెడతారాండీ?" అంది. జేమ్స్ వైపు చూడకుండా అడిగింది.

"వస్తాను. పితికేది మాత్రం నువ్వే," అంది కెజియా.

ఆటో వెళ్ళిపోయింది. కెజియా చెంబుతో వేణ్ణీళ్ళు తెచ్చి పొదుగు దగ్గర కూర్చుంది. గుడ్డ ముంచి, పిండి, గడ్డ మీద పెట్టింది.

"రాజుగారు కాయితం రాస్తే నా బతుకు పోయేదక్కా," అన్నాడు జేమ్స్ తల దగ్గర నుంచి. ఏడుస్తున్నాడు. "పరాయివాళ్ళకి అమ్మితే మళ్ళీ నామీదే పడతారు. నీకైతే... తెలిసినా నువ్వేమీ అనవు కదా అనుకున్నాను."

"అవునండి. అదే అనుకున్నారు."

"అండీ అనకక్కా! తిట్టు, కొట్టు. అండీ అనకు."

కెజియా చన్ను పట్టుకుని పిండింది. ముందు నీళ్ళలాంటి పాలు, వాటిలో తెల్లటి తరకలు. డాక్టరమ్మ చెప్పింది, ఇవి వచ్చి చచ్చినవి అని. ఎక్కడ కేక వినిపిస్తే అక్కడికి ఒళ్ళు సన్నం చేసుకుని దూరి వచ్చినవి. జేమ్స్ కేక వేసి ఉంటే తనూ వెళ్ళేది. తప్పు చేశానక్కా అని ఒక్క మాట అంటే, ఆ చెడిపోయిన ఆవుని తెలిసే ఇంటికి తోలుకొచ్చేది, అచ్చాయమ్మగారు అనుకున్నట్టే. వాడికి ఆ మాట ఇప్పుడు చెప్పి ప్రయోజనం లేదు.

తరకల పాలు గోతిలో వంపింది. రేపటి నుంచి మిగతా మూడు చన్నుల పాలు కేంద్రానికి పట్టుకెళ్ళి, చీటీ చూపించాలి. హేమంత్‌కుమార్ తీసుకుంటాడో లేదో తెలియదు, జీవరత్నం మాట్లాడుతుందో లేదో తెలియదు.

గౌరి ఆ చన్ను ఖాళీ అయిన సుఖానికి కాలు సర్దుకుంది. తల దగ్గర జేమ్స్ ఎడమచెయ్యి ఆవు మెడ మీద ఉంది. సరిగ్గా ఆ బొడిపె మీదే ఉంది వాడి బొటనవేలు. పలుపు వదిలెయ్యమని కెజియా చెప్పలేదు. వాడు వదల్లేదు. ఆమె చేతులు కడుక్కుని మూడో చన్ను పట్టుకుంది.